పూత

షెఫీల్డ్‌లో వాన కూడా ఇనుపరంగులో కురుస్తుందని
వచ్చిన ఏడాది అనుకున్నాను.
అది మా ల్యాబ్ కిటికీ అద్దానికి పట్టిన మురికి.

ఆ కిటికీ పక్కనే నా బల్ల.
రెండు రకాల ఇనుప లవణాలు నీళ్ళలో,
బుడబుడమంటూ నైట్రోజన్,
పైనుంచి చుక్క చుక్కగా అమ్మోనియా.
నారింజరంగు నీళ్ళు రెప్పపాటులో
కాటుకలా నల్లబడతాయి.
పన్నెండేళ్ళుగా చూస్తున్నా
ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.
ఎవరికీ చెప్పను, నవ్వుతారు.

పుట్టిన రేణువులు పుట్టినట్టు ఉండవు.
ఒకదాన్నొకటి వెతుక్కుని, వాటేసుకుని,
కలపడం మరిచిన ఉప్మాలా ఉండలు కట్టి
అడుగున కూలబడతాయి.
అలాంటి ఇనుము
సూదిలోకి ఎక్కదు, నరంలోకి దిగదు.
అందుకని వాటికో పూత.

ఇక్కడివాళ్ళు కోటింగ్ అంటారు,
చలికి తొడుక్కుని, ఇంట్లోకి రాగానే
కొక్కేనికి తగిలించే కోటులాగా.
నాకు మాత్రం పూత అంటే
మాఘంలో మామిడికొమ్మ మీదిది కూడా.
ఒకే మాట:
ఒకటి లోపల్నుంచి తోసుకొస్తుంది,
ఒకటి బయటినుంచి వచ్చి అంటుకుంటుంది.
ఏది ఏదో
మైక్రోస్కోప్ ముందు కూర్చున్నప్పుడు
ఒక్కోసారి తేల్చుకోలేను.

ఆత్రేయపురంలో మంగతాయారత్తయ్య
బోర్లించిన కుండ కింద కొబ్బరిమట్టలు ఎగదోసి
పిండినీళ్ళలో ముంచిన గుడ్డను
కుండ వీపు మీద ఇలా పరిచి, అలా లాగేసేది.
చెయ్యి ఆగితే మందం, తొందరపడితే చిల్లు.
ఊదితే ఎగిరే రేకు.
ఆ రేకూ చక్కెర గొలుసే,
నేను వాడే డెక్స్‌ట్రానూ చక్కెర గొలుసే.
పాలిమర్ అనే మాట వినకుండానే
ఆవిడ వేలిముద్రలు అరగదీసుకుంది.
నాకు గ్లవ్స్ ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి డెనీస్ ఓల్డ్‌రాయిడ్ వస్తుంది,
బకెట్టూ తుడుపుకర్రా తోసుకుంటూ.
వాళ్ళ నాన్న ఆటర్‌క్లిఫ్ కొలిమిలో ముప్ఫయ్యేళ్ళు.
పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా
గోళ్ళలో నలుపు పోలేదట.
నా సీసా ఎత్తి దీపానికి పట్టి,
"ఇదేంటి లవ్?" అంది ఓసారి.
ఇనుమే అన్నాను.
"ఇంతేనా? మా నాన్న టన్నుల్లో పోసేవాడు."

జనవరిలో రాలేదు. ఫిబ్రవరిలోనూ రాలేదు.
మార్చిలో వచ్చి, టీ గదిలో తలుపు మూసి,
చొక్కా కాలరు కొంచెం పక్కకు లాగింది.
రొమ్ము పైన గోధుమరంగు మచ్చ,
అరచేయంత.
"తుప్పు పట్టాను చూడు" అని నవ్వింది.

ఆ రంగు నాకు తెలుసు.
సీసాలో తప్ప ఎక్కడా చూడలేదు,
అయినా తెలుసు.
చర్మం కింద పోసిన ఇనుము
తన సన్నటి చక్కెర పొర కప్పుకుని
ఎవరితోనూ ఉండ కట్టకుండా
చంకలోని మొదటి గ్రంథి దాకా నడిచి వెళ్ళింది.
పైనుంచి డాక్టరు అయస్కాంతపు కడ్డీ పెడితే
తల తిప్పి పలికింది,
కడ్డీ తీసేస్తే మరిచిపోయింది.
రెండే గ్రంథులు తీశారట,
మిగిలినవాటి జోలికి పోలేదు.
చెయ్యి వాచలేదు.

ఆ రేణువులు నా చేతివి కావు.
ఏ ఊళ్ళోనో, ఏ బల్ల ముందో,
ఇంకెవరో ఒళ్ళు జలదరించి
ఎవరికీ చెప్పకుండా చేసినవి.
అయినా ఆ పూట నేను టీ తాగలేకపోయాను.

"ఇది పారబోయాలా?" అంది బల్ల దగ్గర,
నిన్నటి సీసా ఊపుతూ.
అడుగున నల్లటి ఉండలు దొర్లాయి.
పూత అంటలేదు దానికి, ఉండనీ అన్నాను.
"పాపం" అంది, తన భాషలో.

తర్వాత స్టూలెక్కి
ఆ చేత్తోనే కిటికీ తుడిచింది,
పైఅంచు దాకా అందుకుని.
లోపలివైపు మాత్రమే.
బయట మురికి అలాగే ఉంది.
ట్రామ్ గంట మోగింది.
వాన ఇంకా
కొంచెం ఇనుపరంగే.